కొమ్మ మీద రెండు రాళ్ళు

మా చేను పక్కనే శ్మశానం. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ గట్టు మీదే గడ్డి కోశాను, అక్కడే కూర్చుని సద్ది తాగాను. దయ్యమని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. పోయినవాళ్ళకు మనతో పనేముంటుంది? ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. చూసింది ఒక కొమ్మ, దాని మీద రెండు రాళ్ళు. అంతే.

నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి పద్మ రాస్తోంది. తను కూడా అక్కడే ఉంది కాబట్టి తప్పు చెబితే దిద్దుతుంది.

మాది ఉదయగిరి కొండ కింద మెట్ట చేను. కంది వేస్తాం. చేలో రాతి గోడల మీద బోదగడ్డి కప్పిన కొట్టం ఒకటి ఉంది. కాయ పట్టే చలికాలంలో అడవిపందులు పడకుండా మా ఆయన అక్కడే ఉండేవాడు. ఆయన పోయాక పద్మ నన్ను ఆత్మకూరు తీసుకుపోయింది. అల్లుడికి అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే పని. బాగానే చూసుకున్నారు, కాదనను. కానీ నాకు ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. కొట్టానికి పోయి ఉంటానని పోరు పెట్టాను. ఒంటరి ఆడదానివి, అడవిలో ఎట్లా ఉంటావని పద్మ ఏడ్చింది.

చివరికి అల్లుడే తీర్పు చెప్పాడు. క్రిస్మస్ సెలవులకు ఆదివారం కూడా కలిసింది, అందరం పోయి ఉండి చూద్దాం, ఉండదగ్గట్టు ఉంటే అత్త ఉంటుంది, లేకపోతే చేను కౌలుకిచ్చేసి నోరెత్తకూడదు అన్నాడు. నేను సరేనన్నాను. అతను మాత్రం ఫోన్లో చూసిన ఫామ్‌హౌసుల లెక్కలో చలిమంట, చికెన్ అంటూ సంబరపడ్డాడు.

బయలుదేరిన రోజు తుఫాను ముసురు. ఆత్మకూరులో బస్సెక్కాం. ఉదయగిరి ఇంకా రాకుండానే రోడ్డు మీద వాగు పారుతోందని బస్సు ఆపేశారు. ఒక ఆటోవాడు మట్టిరోడ్డున చుట్టు తిప్పి తీసుకుపోతానన్నాడు. కొంతదూరం పోయాక చక్రం బురదలో దిగింది. అల్లుడు నెట్టాడు. ఆటో బయటికి వచ్చింది గానీ అతని చెప్పు ఒకటి రాలేదు. ఇక ముందుకు రానని ఆటో వెనక్కి తిరిగింది. మనవరాలు అమ్ములును చంకనేసుకుని నడక మొదలుపెట్టాం. మధ్యాహ్నమే అయినా మంచు, తుంపర. అంత కొండా కనిపించలేదు.

చేల దాకా వచ్చాక దారి రెండుగా చీలుతుంది. తిన్నగా పోయేది వంక దాటి కొట్టానికి పోతుంది, దగ్గర. పైది కొండ అంచున చుట్టు తిరుగుతుంది. తిన్నగా పోయే దారికి అడ్డంగా పచ్చి బండారు చెట్టు కొమ్మ వేసి ఉంది.

మేకల వాళ్ళకు, చేల వాళ్ళకు అదొక గుర్తు. ముందు పోయినవాడు తాను పోని దారికి కొమ్మ అడ్డం వేసి, ఎగిరిపోకుండా రాయి పెడతాడు. వెనక వచ్చేవాడు అది చూసి రెండో దారి పడతాడు. అందరూ ఒక రాయి పెడతారు. మా ఆయన ఒక్కడే రెండు పెట్టేవాడు, పెద్ద రాయి మీద చిన్నది. ఎందుకంటే, ఒకటి గాలికి, ఒకటి మేకకు అనేవాడు.

ఆ కొమ్మ మీద రెండు రాళ్ళున్నాయి. పెద్ద రాయి మీద చిన్నది.

"ఏంది అత్తా, ఈడ గూడా టోల్‌గేటా?" అన్నాడు అల్లుడు.

నేను నవ్వలేదు. పక్క చేను మస్తాన్ వేసి ఉంటాడనుకున్నాను. అతను మేకలు మేపుతాడు, మాకు మొదటి నుంచీ తెలిసినవాడు. పైదారి పట్టాం. కొంచెం పోయేసరికి కింద వంక హోరు వినిపించింది. దాటే బండలు కనిపించడం లేదు, ఎర్రనీళ్ళు దొర్లుతున్నాయి. అల్లుడు బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

పైదారి మా కొట్టం దగ్గర మళ్ళీ చీలుతుంది. ఒకటి కొట్టానికి దిగుతుంది, రెండోది మస్తాన్ దొడ్డి పక్క నుంచి కొండెక్కిపోతుంది. మంచులో కొట్టం కప్పు కనిపిస్తోంది. దానికి దిగే దారికి అడ్డంగా పచ్చి కొమ్మ. దాని మీద రెండు రాళ్ళు.

అక్కడ వంక లేదు, గుంట లేదు. ఎదురుగా నా కొట్టమే. పద్మ రాళ్ళ వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాయనే వద్దంటా ఉండాడు. ఇంకా చెప్పాల్నా నీకు?" అంది.

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలీదు. బిడ్డ వణుకుతోంది, అక్కడ నిలబడి వాదించే వేళ కాదు. మస్తాన్ పాకకు పోయాం. అతని భార్య అమ్ములుకు పొడిగుడ్డలు చుట్టి, పొయ్యి ముందు కూర్చోబెట్టింది. కొమ్మలు వేసింది నువ్వేనా అని మస్తాన్‌ను అడిగాను.

"నేనెందుకేస్తా వదినా? పొద్దున్నించి మేకల్ని దొడ్డి దాటనీలా. బండారు ఈడేడుండాది? ఎండాకాలం మంటకు అంతా కాలిపాయె. కావాలంటే కొండెక్కాల."

ఆ వానలో కొండెక్కి కొమ్మ విరుచుకొచ్చేది ఎవరు? ఎవరన్నా మేకలవాడు అటు పోయాడా అంటే, చూడలేదన్నాడు. ఆ రెండు రాళ్ళ సంగతి అతనికీ తెలుసు. తల దించుకుని పొయ్యి ఎగదోశాడు.

పొద్దున మంచు విడిచింది. ఎవరికీ చెప్పకుండా నేనొక్కదాన్నే పోయాను. కొమ్మ అక్కడే ఉంది, ఆకు వాడలేదు. బురదలో అడుగుల కోసం వెతికాను. మావి కూడా వానకు చెరిగిపోయాయి. చిన్న రాయి తీశాను, పెద్ద రాయి తీశాను, కొమ్మ పక్కన పెట్టాను. కొట్టం తలుపుకు నేను కట్టిపోయిన గుడ్డపీలిక అట్లాగే ఉంది. లోపల పాము లేదు, గోడ బీట తీయలేదు, కప్పు కురవలేదు. నేల పొడిగా ఉంది. మూలన ఆయన కర్ర ఉంది. మేమంతా ఆ రాత్రి అక్కడే హాయిగా పడుకుని ఉండొచ్చు.

అదే నాకు అర్థం కానిది. మొదటి కొమ్మ మమ్మల్ని వంకలో పడకుండా కాపాడింది. రెండోది దేని నుంచి కాపాడింది? ఏమీ లేదే. రెండోది ఉత్తదే అయితే మొదటిది కూడా ఉత్తదేనా? పద్మ ఇప్పటికీ నాయన వద్దన్నాడనే అంటుంది. ఈ మాట రాస్తూ కూడా తల ఊపుతోంది. అల్లుడు మాత్రం, అత్త రాళ్ళు తీసి లోపలికి పోయింది, ఏమీ కాలేదు, ఇక ఉండనీ అన్నాడు. అట్లా ఇక్కడే ఉండిపోయాను.

ఒంటరిగా కంది చేనుకు కాపలా ఉన్నప్పుడు ఇంకో సంగతి తోచింది. కొమ్మ అడ్డం వేయడమంటే రావద్దని మాత్రమే కాదు. నేను ఈ దారిన పోలేదు అని కూడా. కొట్టం దారి మూసి ఉంది, కొండ దారి తెరిచి ఉంది. నేను కొట్టంలో లేను, అక్కడ నా కోసం చూడొద్దు అన్నాడా? నిజానికి నేను అక్కడికి పోతానని పట్టుబట్టింది, అక్కడైతే ఆయన ఉన్నట్టుంటుందనే. ఆ మాట పద్మతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు రాస్తోంది కాబట్టి తెలిసింది.

ఆయన వేశాడో, ఎవరో దారిన పోయేవాడు వేశాడో, నేను తేల్చలేను. ఆ రెండు రాళ్ళూ గడప పక్కన పెట్టుకున్నాను. ఊడ్చేటప్పుడు జరుపుతాను. ఊడ్చాక మళ్ళీ పెద్దదాని మీద చిన్నది పెడతాను.