ముఖం తేరుకుంటే చాలనుకుంది

మా వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ఆమెను అందరం ఇస్త్రీ అత్త అనేవాళ్ళం. మడత నలగనిచ్చేది కాదు, మనిషిని నొప్పించేది కాదు. వానలో తడిసి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చొక్కా ఆరబెట్టి, తర్వాతే వచ్చిన పని అడిగేది. ఒక్కగానొక్క కొడుకు, వెల్డింగ్ పనివాడు. మత్తు సూదులకు మరిగి, చివరికి తల్లి ఇస్త్రీ పెట్టె కూడా అమ్ముకున్నాడు. ఇరుగుపొరుగు తలో చెయ్యి వేసి వాడిని మత్తు మాన్పించే కేంద్రంలో చేర్చారు. ఏడాదికి పైగా అక్కడే ఉండాలని షరతు.

మొదట్లో తల్లి వెళితే వాడు ముఖం తిప్పుకునేవాడు. పోనుపోను బుగ్గలు నిండాయి, నవ్వు వచ్చింది. చివరి నెలల్లో పగలు బయట పనికి పంపి, సాయంత్రం తిరిగొచ్చి అక్కడే పడుకోమనడం ఆ కేంద్రం పద్ధతి. వాడి వంతు రాగానే తల్లి మనసు ఆగలేదు.

"పనికి పోగలిగినోడు ఇంటికి రాలేడా బాబూ? చూడు, గుండ్రాయిలా ఉన్నాడు!"

కేంద్రం నడిపే పెద్దాయన కూడా ఒకప్పుడు ఆ మత్తులో మునిగి తేలినవాడే.

"ఒంటికి కండ పట్టిందమ్మా, మనసుకింకా పట్టలేదు. ఇప్పుడు కాలు జారి మునుపటంత ఎక్కించుకుంటే ప్రాణమే పోతుంది. అలవాటు తప్పిన ఒళ్ళు కదా."

"నా బిడ్డకి శాపనార్థాలేంటయ్యా?"

"శాపం కాదమ్మా, దండం పెట్టి చెబుతున్నా."

కొడుకు నేలచూపులు చూస్తూ, "ఇంకొన్నాళ్ళు ఉంటానే అమ్మా," అన్నాడు.

"ఊరుకోరా, మొనగాడివి! అమ్మ చేతి ముద్దని మించిన మందుందా?" అంటూ ఆమె బట్టలు సర్దేసింది.

వారం తిరక్కుండానే మత్తు రోజుల పాత నేస్తం ఎదురుపడ్డాడు. స్నానాలగది తలుపు పక్కింటి వడ్రంగి పగలగొట్టాల్సి వచ్చింది. అప్పటికే వాడి ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ వడ్రంగే వాడిని చంటిబిడ్డలా ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు.

అత్తను దేవుడు ఎందుకు బతికించి ఉంచాడో ఆయనకే తెలియాలి. కన్నవాళ్ళకి పిల్లల్ని చూపించే రోజున ఇప్పటికీ ఆ కేంద్రానికి వెళుతుంది. పెద్దాయన కాదనడు, కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇస్తాడు. మొన్న ఒకావిడ గడువు తీరకముందే తన కొడుకు చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చేసింది. అత్త లేచి ఆవిడ చేతిలోని బట్టల సంచి లాక్కుంది.

"ఎవరే నువ్వు? నా కొడుకు, నా ఇష్టం! నీకు పిల్లల్లేరా?"

"ఒకడుండేవాడమ్మా. ఇలాగే తీసుకెళ్ళాను."

ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది. అత్త సంచి వదల్లేదు. ఆవిడ కొడుకే తల్లి చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచాడు.