పదకొండేళ్ల చుట్టం

హైస్కూల్లో నా దగ్గర లెక్కలు నేర్చుకున్న ఒకడు విశ్వవిద్యాలయంలో పదకొండేళ్లు గెస్టు లెక్చరరుగా పనిచేశాడు. చెప్పిన గంటలకే జీతం, వేసవిలో అదీ లేదు. పాతపట్నంలో ఉండే వాళ్లత్తగారు గెస్టంటే అర్థం తెలుసుకున్న దగ్గర్నుంచీ పెళ్లిళ్లలో అల్లుణ్ని ఒకేలా పరిచయం చేసేది: “ఉజ్జోగం కాదమ్మా, మావోడు యూనివర్సిటీకి సుట్టం.”

కిందటేడు ఆగస్టు రెండో మంగళవారం, నేను భోజనానికి కూర్చోబోతుండగా బొబ్బిలిలో మా ఇంటికొచ్చాడు.

“ఎమ్మెస్సీ లెక్కల్లో తొమ్మిదిమందే సేరారు మేడం. పదిమంది లేకపోతే కోర్సు ఎత్తేస్తామంతన్నారు. కోర్సు పోతే నానూ పోతాను.”

“అయితే ఊళ్లంట తిరగరా.”

“తిరిగాను. డిగ్రీ సదివినోలంతా విశాపట్నం ఎలిపోనారు. మీకు బీయెస్సీ ఉన్నాది గదా. వయసుతో పన్లేదంట.”

“డెబ్బైమూడేళ్లొచ్చి నీ పాఠం ఇనాలేటిరా? భిన్నాల్లో గుండుసున్నా తెచ్చుకున్నోడివి!”

“ఇప్పుడు తెచ్చుకోను మేడం.”

నవ్వొచ్చింది. శుక్రవారం వెళ్లి ఫీజు కట్టాను.

మొదటి బెంచీలో కూర్చునేదాన్ని. అతను ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే గడియారం వైపు చూసేదాన్ని. అతను చెమట తుడుచుకునేవాడు, పిల్లలు నవ్వేవారు. పాఠం మాత్రం బాగా చెప్పాడు. ఆ మాట అతనితో అనలేదు.

దసరా సెలవుల తర్వాత, అమ్మాయిల మధ్య నేను కూర్చున్న ఫొటో పేపర్లో పడింది. విశ్వవిద్యాలయం సమాజంలోకి వెళ్లాలి, తన ఖర్చు తనే సంపాదించుకోవాలి అని పెద్దలు మీటింగుల మీద మీటింగులు పెడుతున్న రోజులవి. అంతవరకు మా గదివైపు తొంగిచూడని రిజిస్ట్రారు శాలువాతో వచ్చాడు. ఆ శాలువా ఉన్న పళ్లెం పట్టుకోమని మా లెక్చరరుకే ఇచ్చారు.

శాలువా కప్పాక రిజిస్ట్రారు అన్నాడు: “అమ్మా, జనవరి నుంచి ఈ క్లాసు మీరే చెప్పండి. మీలాంటి రిటైరైనవాళ్లు సేవగా చెబితే సమాజానికి మేలు, మాకూ ఖర్చు తగ్గుతుంది.”

పళ్లెం పట్టుకున్నవాడు నా పక్కనే ఉన్నాడు. ఖాళీ పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతోనూ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

“నేను విద్యార్థినండీ. ఫీజు కట్టాను, రసీదుంది,” అన్నాను.

నేను కాదంటే ఆగుతుందా? వారం తిరక్కుండా ఉచితంగా చెప్పడానికి ఒక రిటైర్డు బ్యాంకు ఆఫీసరు దొరికాడు. మావాడికి డిసెంబరు ఆఖరు రోజున ఇక రావద్దని చెప్పారు. నేను మానేస్తే లెక్క మళ్లీ తొమ్మిదికి దిగుతుంది, పిల్లల చదువు ఆగుతుంది. అందుకని బ్యాంకాయన క్లాసులోనూ మొదటి బెంచీలోనే కూర్చున్నాను. ఆయన ఠంచనుగా వచ్చేవాడు. పుస్తకంలో ఉన్నది బోర్డు మీదకి ఎక్కించి, అదే ఠంచనుగా వెళ్లిపోయేవాడు.

మార్చిలో గేటు దగ్గర చోడిపిండి లడ్డూల దుకాణం, అదే రాగి లడ్డూలది, తెరిచారు. లడ్డూలు చుట్టేది పక్క ఊళ్ల ఆడవాళ్లు, లాభం విశ్వవిద్యాలయానిది. రిజిస్ట్రారు జాలిపడి మావాణ్ని అందులో తూకం దగ్గర పెట్టించాడు. క్లాసు అయ్యాక వెళ్లాను. నా వెనకే వచ్చిన అమ్మాయిలు అలవాటు కొద్దీ “నమస్తే సార్” అన్నారు. అతను తలెత్తలేదు.

“అరకిలో ఇయ్యి,” అన్నాను. ఇంకేం మాట్లాడాలో తోచక, “మీ అత్తగారేటంతన్నాది?” అని అడిగాను.

“సుట్టాన్ని ఉత్త సేతుల్తో పంపలేదు, లడ్డూలెట్టి మరీ పంపారంతన్నాది మేడం.”

అని తనే నవ్వి, కట్టి ఉంచిన పొట్లమొకటి నా చేతికిచ్చాడు. తేలిగ్గా అనిపించింది. మళ్లీ తూచమన్నాను. అమ్మాయిలు చూస్తుండగా తూచాడు. ఇరవై గ్రాములు తక్కువుంది. అదీ వేయించుకునే వచ్చాను.