పిన్ని కుట్టిన మెత్త

మా పిన్ని దర్జీ. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గర కుట్టించుకున్నవాళ్ల కొలతలన్నీ లాప్‌టాప్‌లోనే ఉండేవి. వారం రోజులుగా దాని ఫ్యాన్ ఆగకుండా హోరెత్తుతుంటే, అవన్నీ పోతాయని ఆమె గుండెల్లో రాయి పడింది.

ఇంటికొచ్చిన మెకానిక్ లాప్‌టాప్ ఎత్తి చూసి, “కింద ఈ దూది మెత్త ఏంటమ్మా?” అన్నాడు.

“బల్ల గట్టిగా ఉందని నేనే కుట్టానయ్యా.”

“గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. ముక్కు మూసి ఊపిరి తీయమంటే ఎలాగమ్మా?”

మెత్త తీసిన కాసేపటికి ఫ్యాన్ సద్దుమణిగింది. పిన్ని కత్తెర అందుకుని, రంధ్రాలున్నంత మేర మెత్తను కత్తిరించేసింది. “ఇన్ని చొక్కాలకు మెడ తీశాను, దీనికి మరిచిపోయాను చూడు!”

పిన్ని పోయాక లాప్‌టాప్, మెత్త నాకొచ్చాయి. కొలతలన్నీ భద్రంగా ఉన్నాయి. నా నడుము కొలత పక్కన, “వీడు ఊపిరి బిగబడతాడు, రెండంగుళాలు కలపాలి” అని రాసి ఉంది.