మూడోసారి అడగని రేడియో కంపెనీ

మధ్యాహ్నం భోజనం వేళకి ఆర్డిస్‌కి రోజూ ఒక పని ఉండేది. ఉడికిన బంగాళాదుంపలూ మాంసం పులుసూ బల్ల మీద పెట్టి మూతలు వేసి, చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వెళ్ళి, పికప్ బండి అద్దం మీద టకటకా కొట్టేది. లోపల భర్త ఓర్విన్ కూర్చుని రేడియో వింటూ ఉండేవాడు. పొలం నుంచి వచ్చి బండి ఆపేవాడే గానీ, ఆ కబుర్లు పూర్తయ్యేదాకా దిగేవాడు కాదు. అద్దంలోంచి "వస్తున్నా, వస్తున్నా" అన్నట్టు చెయ్యి ఊపేవాడు. ఆమె లోపలికి వెళ్ళి, కాసేపాగి మళ్ళీ వచ్చి కొట్టేది. పులుసు చల్లారిపోయిందని భోజనం పొడుగునా సాధించేది.

గోధుమ కోతలు కాకముందే ఓర్విన్ పోయాడు. ఇప్పుడు ఆ వేళకి పికప్‌లో కూర్చునేది ఆర్డిసే. లోపల పులుసు చల్లారుతూనే ఉంది, సాధించేవాళ్ళే లేరు.

అది ఉపగ్రహం నుంచి వచ్చే రేడియో. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో వాళ్ళుండే మూలకి మామూలు రేడియో గరగరలాడుతూ వస్తుంది, కొండ దిగితే అదీ పోతుంది. ఓర్విన్ వినేది పాటలు కాదు, దేశమంతా తిరిగే లారీ డ్రైవర్ల కోసం రోడ్ల సంగతులు చెప్పే స్టేషను. ఏ కనుమలో మంచు పడుతోంది, ఏ వంతెన మీద ఈదురుగాలి కొడుతోంది, ఎక్కడ పందుల లారీ బోల్తా పడింది, అన్నీ చెబుతారు. ఆయన జిల్లా దాటి వెళ్ళిందే తక్కువ. అయినా బల్ల దగ్గర కూర్చుంటూ "టెనసీలో వానట" అనేవాడు.

"టెనసీలో మనకెవరున్నారు?" అనేది ఆర్డిస్.

"ఎవరూ లేరు. అంతమాత్రాన వాన కాకుండా పోతుందా?"

ఇప్పుడు టెనసీ సంగతి తెలియకపోతే ఆమెకి తోచడం లేదు. చిక్కేమిటంటే, పికప్ ఆమెది కాదు. అది తన తర్వాత తమ్ముడు మెర్లిన్‌కే అని ఓర్విన్ ఉండగానే అనుకున్న మాట. మెర్లిన్ బండి ఎటూ ఇవాళో రేపో ఆగిపోయేలా ఉంది, శనివారం వచ్చి దీన్ని తీసుకెళతాడు. రేడియో బండిలోకే బిగించి ఉంది, ఊడదు. ఈలోగా ఆ గొంతులు వంటింట్లోకి రావాలి. చర్చికీ కళ్ళ డాక్టరు దగ్గరికీ ఇక మీదట ఒక్కతే చిన్న కారు నడుపుకుంటూ పోవాలి కనక, అందులోకీ రావాలి.

మెర్లిన్ ఆమెని మైనాట్ పట్నంలో రేడియోలు అమ్మే కొట్టుకి తీసుకెళ్ళాడు. కొట్టువాడు మూడు డబ్బాలు తెచ్చి గాజుబల్ల మీద పెట్టాడు.

"ఇది బండికి మాత్రమే అమ్మా. ఇదేమో బండికీ ఇంటికీ. ఇదిగో, ఇది జేబులో వేసుకు తిరిగేది."

"బండికీ ఇంటికీ అన్నది ఇవ్వు."

"పెట్టె ఒకటేనండీ. దానికి బండిలో ఒక పీట, ఇంట్లో ఒక పీట ఉండాలి. దిగేటప్పుడు పెట్టె పీకి తెచ్చుకుని ఇంటి పీటకి గుచ్చుకోవడమే."

"పీటలు డబ్బాలోనే ఉంటాయా?"

"బండిది ఉంటుంది. ఇంటిది విడిగా కొనాలి."

"మాట వినపడే స్పీకరు?"

"అదీ విడిగానే."

"ఆకాశం నుంచి పట్టుకునే తీగ?"

"బండిది బండికి, ఇంటిది ఇంటికి."

"దానికంటే బండినే ఇంట్లోకి తోసుకుపోవడం తేలిక నాయనా" అంది ఆర్డిస్.

మెర్లిన్ జేబు రేడియో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఇది తీసుకో వదినా. కోళ్ళ దగ్గరికి వెళ్ళినా వినొచ్చు."

"కోళ్ళు ఏ ఊరు వెళ్ళాలిట, వాటికి రోడ్ల సంగతులెందుకు?"

"ఇందులో పాటలు దాచుకోవచ్చట కూడా."

"నాకు దాచుకోవడానికి జాడీలున్నాయి. చెవిలో వత్తులు పెట్టుకుని పులుసు కలపలేను. అక్కడ పెట్టు."

విసుగొచ్చి రెండో డబ్బా, దాని ఇంటి పీటా, స్పీకరూ, తీగా తీసుకుని ఇంటికొచ్చారు. గుచ్చితే వెలిగింది గానీ మాట్లాడలేదు. కంపెనీకి ఫోను చేసి ఖాతా తెరిపిస్తే తప్ప మాట్లాడదట. ఆర్డిస్ ఫోను తిప్పింది. చాలాసేపు వాయిద్యం వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"ఈ ఫోను నంబరుతో ఉన్న ఖాతా ఓర్విన్ గారి పేరు మీద ఉంది మేడమ్. ఆయన్ని ఒకసారి పిలుస్తారా?"

"ఆయన లేరమ్మా."

"ఎప్పుడొస్తారు?"

"లూథరన్ చర్చి వెనకాల పడుకోబెట్టాం. రారు."

అమ్మాయి మెత్తగా, "క్షమించండి మేడమ్. ఆయన ఖాతాని ఉన్నదున్నట్టు మీ పేరుకీ మీ కొత్త రేడియోకీ మార్చేయమంటారా?" అంది.

ఆర్డిస్‌కి గుండె నిండినట్టయింది. ఆమెకి కావలసింది అదే. కానీ ఆర్డిస్ వాళ్ళ ఊరంతా నార్వే నుంచి వచ్చినవాళ్ళ సంతతి. ఆ ఊళ్ళో ఎవరైనా కాఫీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారికి "సరే, సగం కప్పు" అని నిండు కప్పు పుచ్చుకోవాలి. మొదటిసారే సరేనన్నవాళ్ళు తిండికి మొహం వాచినవాళ్ళు. అందుకని ఆమె పద్ధతిగా, "అబ్బే వద్దమ్మా, ఎందుకులే" అంది.

"సరే మేడమ్. అయితే ఆ ఖాతా మూసేస్తున్నాను. ఇంకేదైనా సాయం కావాలా?"

"మీకెందుకు శ్రమ" అంది ఆర్డిస్, ఇది రెండోది కదా అని.

"థాంక్యూ మేడమ్" అని ఆ పిల్ల ఫోను పెట్టేసింది. ఆర్డిస్ రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని మూడో మాట కోసం నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం పికప్‌లో కూర్చుంటే రేడియోలో గరగర కూడా లేదు. బండిలోదీ పోయింది, వంటింట్లోది రానేలేదు. ఓర్విన్ పోయిన నాడు కూడా ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా లేదు. జనం ఉన్నారు, గిన్నెల చప్పుడు ఉంది. ఆమె స్టీరింగు పట్టుకుని కూర్చుని, ఏడవడానికి కూడా చికాకేసి, లోపలికి పోయి మెర్లిన్‌కి ఫోను చేసింది.

"వద్దన్నావా?" అన్నాడు మెర్లిన్ వచ్చీ రాగానే.

"అన్నాను."

"మరి మళ్ళీ అడగలేదూ?"

"లేదు. ఒక్కసారి అడిగి మూసేసింది."

"అదేం పెంపకం" అన్నాడు మెర్లిన్, నిజంగానే ఆశ్చర్యపోయి. "ఏ ఫ్లోరిడా పిల్లో అయి ఉంటుంది. ఇంకోసారి చెయ్యి. ఈసారి అడగ్గానే అవునను."

"నోరు తిరగదు మెర్లిన్."

"రోడ్ల సంగతులు కావాలా, మర్యాద కావాలా?"

ఈసారి మగగొంతు. పెళ్ళినాడు పాస్టరు ముందు నిలబడ్డట్టు నిలబడి ఆర్డిస్ చెప్పుకుపోయింది. కొత్త ఖాతా తెరవమంటారా అంటే అవునంది. లారీవాళ్ళ స్టేషనున్న పథకమేనా అంటే అవునంది. బేస్‌బాల్ కలపమంటారా అంటే అవునంది. హాస్యం, పెద్దలకు మాత్రమే, అది కూడానా అంటే అవునంది. బల్లకి అవతలి నుంచి మెర్లిన్ రెండు చేతులూ ఊపుతున్నాడు.

"నీకు పెద్దల హాస్యం ఎందుకు వదినా?" అన్నాడు ఫోను పెట్టాక.

"ఒక్కటి వద్దన్నా మొత్తం మూసేస్తాడు. నేను మళ్ళీ ఆ వాయిద్యం వినలేను."

శనివారం మెర్లిన్ బండి కోసం వచ్చి, ముందు తీగ సంగతి చూస్తానన్నాడు. తీగ దక్షిణపు ఆకాశాన్ని చూడాలట. దక్షిణం వైపు ధాన్యం పోసే రేకు గాదెలు అడ్డంగా నిలబడి ఉన్నాయి. తీగ చివరి బిళ్ళ పట్టుకుని ఫ్రిజ్ మీద పెట్టాడు, అలమర మీద పెట్టాడు, కుర్చీ ఎక్కి దీపానికి ఆనించాడు.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"ఒక ముక్క వచ్చింది. పోయింది."

"ఏమంది?"

"'అయితే' అంది."

చివరికి వంటింటి కిటికీ అద్దం కాస్త పైకెత్తి, చెయ్యి బయటికి చాపి, చట్రం బయటి మూలకి బిళ్ళ అతికిస్తే, గాదెల సందులోంచి పట్టింది. రోజూ పికప్‌లో వినే ఆ గొంతే. కాన్సస్‌లో పొగమంచు, నెమ్మదిగా పొమ్మంటున్నాడు. ఆర్డిస్ స్టవ్ కట్టేసి కుర్చీలో కూర్చుంది. మెర్లిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాన్సస్ అయిపోయేదాకా ఇద్దరూ విన్నారు.

అప్పటికే అక్టోబరు చివరికొచ్చింది. చలికాలానికి ప్రతి కిటికీకీ బయటివైపు ఇంకో అద్దాల చట్రం తగిలించుకోవాలి. వచ్చిన చేత్తోనే ఆ పనీ చూస్తానని మెర్లిన్ ఇల్లంతా చుట్టి, అన్నీ తగిలించి, ఈ ఒక్క కిటికీ దగ్గర ఆగిపోయాడు.

"బిళ్ళ అడ్డం వదినా. గోడకి చిన్న కన్నం పెట్టి తీగ లాగి, బిళ్ళ పైకి జరుపుతాను. డ్రిల్లు తెచ్చాను."

"వద్దు."

"చలి కోసేస్తుంది ఇక్కడ. జనవరిలో ఏం చేస్తావు?"

"ఓర్విన్ కోటు వేసుకుంటాను. ఇప్పుడే కుదురుకుంది మెర్లిన్. దాన్ని నువ్వు కదపకు, నేనూ కదపను."

అతను ఆమె ముఖంలోకి చూసి డ్రిల్లు తీసుకుని పోయాడు. పికప్ రోడ్డెక్కే చప్పుడు వినపడింది. మామూలుగానైతే వాకిట్లో నిలబడి చెయ్యి ఊపాలి, రేడియోలో కబుర్లు ఇంకా పూర్తికాలేదని ఆమె లేవలేదు. తర్వాత పాత తువ్వాలు ఒకటి తెచ్చి, తీగకి తగలకుండా కిటికీ సందులో కుక్కింది. చలికాలపు చట్రం బయట గోడకి ఆనించి ఉంది. తగిలించడం ఆమెకి చేతకాని పనేం కాదు. దాన్ని అలాగే ఉండనిచ్చింది.