ఎన్నాళ్ల బాబాయి

ఎదుటిమనిషి కనపడగానే ఎవరైనా ఏదో ఒకటి అడుగుతారు. కొందరు బాగున్నారా అంటారు. కొందరు టీ తాగారా అంటారు. ఏమీ తోచనివాళ్లు ఎండల గురించి మాట్లాడతారు. బాబాయి మాత్రం ఎవరు కనపడినా, ఎక్కడ కనపడినా ఒక్కటే అడిగేవాడు: "ఎన్నాళ్లుంటారు?"

ఇంటికొచ్చిన చుట్టాన్ని చెప్పులు విడవకముందే అడిగేవాడు. ఆ దెబ్బకి ఆయన బావమరిది గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడని, సంచి కూడా కింద పెట్టలేదని చెప్పుకునేవారు. ఆస్పత్రిలో చేరిన గుమాస్తాను పలకరించడానికి వెళ్లి, మంచం పక్కన నిలబడి, "ఎన్నాళ్లుంటావురా?" అన్నాడు. పాపం ఆ గుమాస్తా భార్య గొల్లుమంది. "ఆస్పత్రిలో ఎన్నాళ్లని అడిగానమ్మా!" అని ఆయన సర్దిచెప్పుకుంటుండగానే నర్సు వచ్చి బయటికి సాగనంపింది.

ఆయన పనిచేసేది ఆస్పత్రులకీ హోటళ్లకీ దుప్పట్లు ఉతికిచ్చే కంపెనీలో. మాసిన దుప్పట్ల మూటలు దించుకోవడానికీ, చిరిగినవి కుట్టించడానికీ ఊరంతా ముప్పై ఎనిమిది గదులున్నాయి. అన్నీ అద్దెవే. వ్యాన్లు అద్దెవి, తూకం యంత్రాలు అద్దెవి. ఆ అద్దె కాగితాలన్నీ ఒక ఇనప బీరువాలో పెట్టుకుని, ముప్పై ఒక్క ఏళ్లుగా వాటికి కాపలా కాస్తున్నవాడు బాబాయి. ఎవరికి బాబాయి అంటే అందరికీ. వెనకాల మాత్రం 'ఎన్నాళ్ల బాబాయి' అనేవారు.

అకౌంట్స్ మేనేజరమ్మ ఉద్యోగంలో చేరిన రోజున ఆవిడకీ ఆ ప్రశ్న తప్పలేదు.

"ఎన్నాళ్లుంటావమ్మాయ్?"

తన కుర్చీ మీద ఈ ముసలాయనకి కన్నుందేమోనని ఆవిడ అనుకుంది. ఒళ్లు మండి, "మూడు నెలలు!" అంది.

ఆయన బుద్ధిగా రాసుకుని వెళ్లిపోయాడు. మూడు నెలలపాటు ఆవిడకి దక్కింది వచ్చేపోయేవాళ్ల కోసం వేసే ఇనప కుర్చీ. తొంభై ఒకటో రోజు పొద్దున్న వచ్చేసరికి చక్రాల కుర్చీ, కాళ్ల కింద పీట, కిటికీకి కొత్త తెర ఉన్నాయి. "ఇవన్నీ మొదటి రోజే ఇవ్వొచ్చుగా బాబాయ్ గారూ?" అని ఆవిడ నిలదీసింది.

"మూడు నెలల మనిషికి చక్రాలెందుకమ్మాయ్, వెళ్లిపోవడం మరీ తేలికైపోదూ?"

ఆవిడ అక్కడ ఆరో ఏడులో ఉండగా కొత్త లెక్కల నియమం వచ్చింది.

అది చెప్పడానికి వచ్చిన ఆడిటర్ కుర్రతనం వదలని మనిషి, చొక్కా చేతులు మడిచి బోర్డు ముందు నిలబడ్డాడు. "ఇన్నాళ్లూ అద్దె అంటే నెలనెలా కట్టేసి మరిచిపోయే ఖర్చు. ఇకమీదట అలా కుదరదు. ప్రతి గదీ, ప్రతి వ్యానూ పుస్తకాల్లోకి ఎక్కాలి. అక్కడ ఇంకా ఎంతకాలం ఉంటే అంతకాలం అద్దె మొత్తం ఇప్పుడే అప్పుగా చూపాలి. అంతకాలం వాడుకునే హక్కుని ఆస్తిగా చూపాలి. మిగతాదంతా గుణకారాలు, భాగహారాలు. అసలు ప్రశ్న ఒకటే. ప్రతి చోటా మీరు ఎన్నాళ్లుంటారు?"

ఇరవై తలలు ఒక్కసారిగా బాబాయి వైపు తిరిగాయి.

బాబాయి కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముణ్ణి చూసినట్టు ఆడిటర్‌ని చూశాడు.

"బాబూ, ఈ నియమం రాసినవాళ్లెవరు?"

"పెద్ద సంఘం ఉందండీ. చాలా దేశాలవాళ్లు కూర్చుని రాశారు."

"మావాళ్లలాగే ఉన్నారే!"

చిన్న యజమానికి ఈ సంబరం నచ్చలేదు. ఆయన తండ్రి బాయిలర్ దగ్గర నిలబడి కంపెనీ పెంచాడు. ఈయన బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని పెంచుతున్నాడు. అప్పు అంకె పెరిగితే బ్యాంకు మొహం ముడుస్తుంది. "దీనికేమీ మినహాయింపుల్లేవా?" అన్నాడు.

"ఏడాదిలోపు ముగిసిపోయే ఒప్పందాలుంటే ఈసారికి ఎక్కించక్కర్లేదు" అన్నాడు ఆడిటర్.

యజమాని మొహం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగింది. "అయితే అన్నీ ఏడాదే అని రాసెయ్యండి!"

"సార్, ఒప్పందంలో ఉన్నది రాయాలి. మీకు నచ్చింది కాదు."

వెతగ్గా వెతగ్గా అలాంటిది ఒక్కటి దొరికింది. కుట్టుగది. చిరిగిన దుప్పట్లు బాగుచేసే తొమ్మిదిమంది ఆడవాళ్లు పనిచేసే మేడమీద గది. ఇంకా పదకొండు నెలలే గడువుంది. తర్వాత పొడిగించుకునే షరతు ఏదీ లేదు. "పోనీ, అదొక్కటైనా బయట ఉంచండి" అన్నాడు యజమాని. ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేదు. ఆ గది ఎక్కడుందో కూడా ఆయనకి తెలీదు.

ఆ మాటకి మేనేజరమ్మ భయపడింది. ఎందుకంటే ఆ కంపెనీకి ఒక జబ్బుంది. కాగితం మీద ఏది రాస్తే అది జరిగి తీరుతుంది. మూడేళ్ల కిందట వంతెన దగ్గరి గదికి పేరు బోర్డు ఇంకా రాలేదని ఎవరో జాబితాలో దాని పక్కన 'తాత్కాలికం' అని రాశారు. బోర్డు వచ్చింది, జాబితాలో మాట పోలేదు. ఏడాది తిరిగాక ఇంకో సెక్షన్‌వాడు అది చూసి, తాత్కాలికమేగా అని గది ఖాళీ చేయించాడు. అక్కడి పనివాడు నాలుగొందల దుప్పట్లతో రోడ్డు మీద కూర్చున్నాడు. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. అందరూ కాగితం చదివారు, అంతే.

రేపు కుట్టుగది పక్కన 'ఏడాదిలోపు' అని పడితే, వచ్చే ఏడాది ఎవడో ఒకడు ఆ వరస చదువుతాడు. 'మనమే వెళ్లిపోతామని రాసుకున్నాంగా' అంటాడు. అలాగని రాసింది అబద్ధమా అంటే, కాదు. నియమం ప్రకారం అక్షరాలా నిజం. మనుషుల పొట్టకొట్టడానికి అబద్ధమాడాల్సిన పనిలేదని, సరైన గడిలో సరైన అంకె వేస్తే చాలని ఆవిడకి ఆరోజే అర్థమైంది. నెలాఖరుకి ఆ జాబితా కింద సంతకం పెట్టాల్సింది ఆవిడే.

బాబాయి మాత్రం పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. ముప్పై ఎనిమిది గదులకీ వెళ్లి పూటకొకదాంట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు.

"బీరువాలో కాగితాలున్నాయిగా బాబాయ్ గారూ, ఎందుకీ తిరుగుడు?"

"కాగితం గడువు చెబుతుందమ్మాయ్. ఉంటామో ఊడతామో గోడ చెబుతుంది. నిరుడు సున్నం వేయించినవాడు ఈ ఏడు ఖాళీ చేస్తాడా?"

"నిజమే" అన్నాడు ఆడిటర్. "అదీ చూడమంటుంది నియమం."

"చెప్పానా, మావాళ్లే."

నాలుగు రోజులకి కుట్టుగది పెద్దక్క అకౌంట్స్ సెక్షన్‌కి వచ్చింది. తొమ్మిదిమందిలోకీ పెద్దది, మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది.

"మేడమ్, ఉన్నమాట చెప్పండి. మమ్మల్ని పీకేస్తున్నారా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. మీ ముసలాయన వచ్చి మిషన్ మిషన్ దగ్గరా ఆగి, 'నువ్వెన్నాళ్లుంటావు, నువ్వెన్నాళ్లుంటావు' అని అడిగి రాసుకెళ్లాడు. మా చిన్నదానికి భయంతో సూది వేల్లో దిగింది. ఈ వయసులో నేనెక్కడికి పోను మేడమ్? ఇంకో చోట మిషన్ ఎక్కనిస్తారా నన్ను?"

మేనేజరమ్మ బాబాయిని పిలిపించి దులిపేసింది. "అసలే వాళ్ల బతుకు దినదినగండంగా ఉంది. ఆ ప్రశ్న అక్కడ కూడా అడగాలా? మీకు కాస్తయినా ఇంగితం లేదా బాబాయ్ గారూ?"

"అడక్కపోతే ఎలా తెలుస్తుందమ్మాయ్?"

"తెలిసి ఏం చేస్తారు?"

బాబాయి నోటు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "రేపు ఆ కుట్టుగది ఇంటి ఓనరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ రా. నేనొక్కణ్ణే వెళ్తే కొట్టేలా ఉంది" అన్నాడు.

ఎందుకు కొట్టేలా ఉందో వెళ్లాక తెలిసింది. ఓనరమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు. కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బాబాయిని చూడగానే చాట పక్కన పెట్టింది.

"మళ్లీ వచ్చావా! చూడమ్మా, ఈ పెద్దమనిషి మొన్న వచ్చి, నమస్కారమైనా పెట్టకుండా, 'మీరెన్నాళ్లుంటారండీ' అన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్లదాన్ని పట్టుకుని అడిగే మాటేనా? నిన్న మళ్లీ వచ్చాడు. అదే ప్రశ్న. యముడైనా ఇన్నిసార్లు వాకబు చెయ్యడు!"

మేనేజరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. బాబాయి మెట్టుమీద చతికిలబడి, రెండు చిక్కుడుకాయలు అందుకుని ఒలవడం మొదలుపెట్టాడు.

"ఇంతకీ చెప్పలేదు మీరు."

"పదేళ్లుంటా! రాసుకో. నీకు కర్మకాండ చేశాకే పోతా. ఏం, చాలా?"

"చాలమ్మా. అయితే అందులో ఆరేళ్లు మాకు రాసివ్వండి. ఒప్పందం అయ్యాక, మేం కోరితే, ఇదే అద్దెకి ఇంకో ఆరేళ్లు ఉండనిస్తానని. ఉన్న పదకొండు నెలలూ పోను, అప్పటికీ మీకు మూడేళ్లు మిగులుతాయి."

ఓనరమ్మ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వింది. చాటలో గింజలు ఎగిరిపడేలా నవ్వింది.

"వ్యాయామశాలవాళ్లు ఇంతకి ఒకటిన్నర రెట్లు ఇస్తామన్నారయ్యా."

"ఇస్తారు. ఇనప గుండ్లు ఎత్తి మీ నెత్తిన పడేస్తారు. వీళ్లయితే తొమ్మిది మిషన్లు టకటకమని కొట్టుకుంటాయి. ఆగితే మీకే తోచదు."

"అది మాత్రం నిజం" అంది ఓనరమ్మ పైకి చూస్తూ. "ఆదివారం ఇల్లు చచ్చినట్టుంటుంది." సంతకం పెట్టడానికి కళ్లజోడు కోసం లోపలికి లేచింది.

సంతకాల రోజున చిన్న యజమాని ఆ కాగితం చూసి చిందులేశాడు. "పోయేదాన్ని పట్టుకొచ్చి మెడకి చుట్టారు! అయినా ఇది మనం కోరితేనేగా? కోరం. ఏడాదే రాయండి."

ఆడిటర్ తల అడ్డంగా ఊపాడు. "కోరతారా కోరరా అన్నది నోటిమాట కాదు సార్. నిరుడు ఆ గదిలో ఇస్త్రీ యంత్రం కోసం నేల పగలగొట్టి దిమ్మ కట్టించారు. కొత్త కరెంటు లైను వేయించారు. బాబాయి గారు బిల్లులు తెచ్చారు. పన్నెండేళ్లు నిలిచే పని. అంత ఖర్చు పెట్టి, పాత అద్దెకే ఉండనిస్తామంటే వదిలి వెళ్తారని నేను నమ్మను. మిగిలిన పదకొండు నెలలు, పైన ఆరేళ్లు. మొత్తం ఎక్కించాలి."

యజమాని బాబాయి వైపు తిరిగాడు. "సరే, ఎలాగూ అడిగావుగా, ఆ అడిగేదేదో ఐదో పదో అడగొచ్చుగా? ఈ ఆరేంటి మధ్యలో?"

"చాలనిపించింది బాబూ."

యజమాని కాసేపు అంకె వంక చూశాడు. బ్యాంకుకి ఏం చెప్పాలో అనుకుంటూ, విసుగ్గా సంతకం గీకాడు. మేనేజరమ్మ దాని కింద తనది పెట్టింది. ఆ సంతకం ఆవిడ చేతికి బరువనిపించలేదు.

కాగితాలు సర్దుతుంటే బాబాయి నోటు పుస్తకం దొరికింది. కుట్టుగది పేజీలో అద్దె లేదు, కొలతల్లేవు. నిలువుగా తొమ్మిది అంకెలున్నాయి. రెండు, మూడు, ఒకటి, నాలుగు, రెండు, ఆరు, మూడు, ఐదు, రెండు. ఆరు చుట్టూ సున్నా చుట్టి ఉంది.

ఆవిడ పుస్తకం పట్టుకుని నేరుగా కుట్టుగదికి వెళ్లింది. మెట్లెక్కుతుంటే మిషన్ల చప్పుడు కాళ్లకి తగిలింది. "పెద్దక్కా, మొన్న బాబాయి గారు అడిగితే ఏం చెప్పావు?"

"ఆరేళ్లన్నాను మేడమ్. మా మనవరాలి చదువు అంతవరకు ఉంటుంది. దాన్ని చదివించేది నేనే. ఏం, తప్పన్నానా?"

"లేదు. ఆరేళ్లు అలాగే రాశాం. సంతకాలు కూడా అయ్యాయి."

తొమ్మిది మిషన్లూ ఒక్కసారిగా ఆగాయి. కింద వాటాలోంచి ఓనరమ్మ కేక వినపడింది: "ఏమైందే, కరెంటు పోయిందా?"

అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు. కొలత టేపు వేలికి చుట్టుకుంటూ నసిగింది. "అయ్యో మేడమ్, మొన్న భయంలో సరిగ్గా చెప్పలేదు. మనవరాలు నిన్న అంటోంది, ఆ చదువు మీద ఇంకో రెండేళ్లది చేస్తే గానీ మంచి ఉద్యోగం రాదట. చాలా ఆలస్యమైపోయిందా?"

మేనేజరమ్మ ఆఫీసుకి తిరిగొచ్చింది. బాబాయి గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకుంటున్నాడు.

"పెద్దక్క మనవరాలు ఇంకో రెండేళ్లు చదువుతుందట."

"తెలుసమ్మాయ్. ఫోన్ చేసింది."

"ఇప్పుడే కదా సంతకాలయ్యాయి! మారిస్తే వచ్చే ఏడాది లెక్కంతా మళ్లీ మొదట్నుంచి కట్టాలి బాబాయ్ గారూ!"

"కడదాం. లెక్కలు కట్టడానికేగా మనల్ని పెట్టుకుంది." ఆయన గొడుగు అందుకున్నాడు. "ఓనరమ్మ దగ్గర మూడేళ్లు ఊరికే పడున్నాయి. రెండు అడిగి చూస్తాను."