చక్రాల పీటలెక్కిన కారు

మా మామయ్యకు కదలని వస్తువంటే గిట్టదు. చట్టం ఆస్తిని స్థిరాస్తి, చరాస్తి అని విభజించింది; మామయ్య మొదటిదాన్ని గుర్తించడు. ఆయన ఇంట్లో బీరువాకూ చక్రాలే, చెప్పుల స్టాండుకూ చక్రాలే. కూర్చునే ముందు కుర్చీ ఎక్కడుందో అత్తయ్య చేత్తో తడిమి చూసుకుంటుంది.

ఈ సామ్రాజ్యానికి రాజధాని గ్యారేజీ. బాగుచేస్తానని కొన్న పాత కారుకు ఉన్న చక్రాలు చాలవన్నట్టు, ఒక్కోదాని కింద ఒక్కో చక్రాల పీట అమర్చాడు. దాంతో అది పీతలా పక్కకు కూడా నడుస్తుంది. రోడ్డెక్కడం మాత్రం ఎరగదు.

"మామయ్యా, ఇవాళ బ్రేకులు చూస్తానన్నావుగా?"

"చూస్తానమ్మా. ముందు కాస్త జరుపుదాం. ఇక్కడ వెలుతురు చాలదు."

కిటికీ దగ్గరికి జరిపితే ఎండ ఎక్కువయ్యేది. గోడ దగ్గరికి జరిపితే పానా తిప్పడానికి చోటుండేది కాదు. మళ్ళీ జరపాలి. లాయరుగా కోర్టు వాయిదాలకే రక్తం ఉడికిపోయే నాకు ఇంట్లోనూ అదే దృశ్యం!

జరిపిన ప్రతిసారీ పక్కింటి మాస్టారికి పిలుపు వెళ్ళేది. ఆయన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. పక్షవాతం నుంచి కోలుకున్నా కుడికాలు ఇంకా మాట వినడం లేదు. అటువంటి మనిషిచేత కారు తోయించడం అన్యాయమని నేనెంత వాదించినా మామయ్య విచారణకు స్వీకరించలేదు.

నాకు ఆ గ్యారేజీ కావాలి. లాయరును పెట్టుకోలేనివాళ్ళకు ఉచితంగా సలహా ఇచ్చే కార్యాలయం అక్కడ తెరవాలని నా సంకల్పం. అందుకు కారు వీధిలోకి వెళ్ళాలి. మామయ్యకు చెప్పకుండా మా వీధి మెకానిక్కును పిలుచుకొచ్చాను.

అతను బానెట్ ఎత్తనైనా ఎత్తకుండా నవ్వాడు. "దీన్ని ఎప్పుడో బాగుచేశానండీ. బ్యాటరీ పెడితే చాలు. మీ మామయ్యగారే పెట్టనివ్వట్లేదు."

"ఎందుకని?"

"కారు నడిస్తే మాస్టారు నడవరట."

అంతలో మామయ్య గొంతు వినిపించింది. మేమిద్దరం వెనక తలుపు చాటుకు తప్పుకున్నాం.

"మాస్టారూ, ఒక్కణ్ణే తొయ్యలేక చస్తున్నాను. కాస్త చెయ్యి వేద్దురూ!"

"నీ ఒంట్లో సత్తువేదయ్యా? తప్పుకో."

చేతికర్ర ఇస్తే విసిరికొట్టి, నడిపించడానికొచ్చిన ఫిజియోథెరపిస్టును "నేనేమన్నా పసివాణ్ణా?" అని పంపేసిన మనిషి, కారు వెనక భాగాన్ని రెండు చేతులా పట్టుకుని అడుగు తర్వాత అడుగు వేస్తున్నారు. ఈడ్చుకుంటూనైనా కుడికాలు వెంట వస్తోంది. ముందువైపు మామయ్య లాగడం లేదు. కారు మాస్టారి అడుగును మించిపోకుండా ఒళ్ళంతా బిగించి ఆపుతున్నాడు.

"గట్టిగా లాగవయ్యా!"

"లాగుతున్నానండీ! మీ అంత బలం నాకెక్కడిది?"

నా వ్యాజ్యాన్ని అక్కడికక్కడే ఉపసంహరించుకున్నాను. కార్యాలయం మాత్రం తెరిచాను, కారుతో సహా. దాన్ని గోడవారకు జరిపితే ఒక బల్లకూ రెండు కుర్చీలకూ చోటు వచ్చింది. ఎన్ని శాసనాలు చదివినా నాకు తట్టని పరిష్కారం. బల్లకు మామయ్య చక్రాలు బిగించాడని వేరే చెప్పనక్కర్లేదు.

నిన్న మాస్టారు దేన్నీ పట్టుకోకుండా మా గుమ్మం దాకా నడిచొచ్చారు. మామయ్య ముఖం వెలిగిపోయింది. గబగబా బ్యాటరీ తెచ్చి బానెట్ ఎత్తాడు.

"ఆగవయ్యా!" అని గద్దించారు మాస్టారు. "ఇది నడిస్తే నీకు రోజూ వ్యాయామం ఎవరు చేయిస్తారు? నీకోసమే కదా నేనిన్నాళ్ళూ వస్తున్నది! బ్యాటరీ సంగతి తర్వాత. ముందు కాస్త జరుపుదాం పద."