కణాలు కనబడేదాకా

జనగామలో నాది ఎరువుల దుకాణం. దేవరుప్పుల, లింగాల ఘనపూర్ రైతులు పురుగు పట్టిన పత్తి ఆకు తెస్తే, అడిగినదానికి, అడగనిదానికి కూడా సలహా చెప్పే నోరు నాది. నా కొడుకు పుట్టినప్పుడు అదే నోరు ఒక మాట దాచింది.

పుట్టి రెండు రోజులైనా వాడు విరేచనం పోలేదు. నర్సు పక్క గదికి వెళ్లగానే మా అమ్మ తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి వాడి మలద్వారంలో పెట్టింది. మా ఇళ్లల్లో పసిపిల్లలకు అందరూ చేసేదే. వాడు వెంటనే దొడ్డికి పోయాడు.

నర్సు తిరిగొచ్చి, "బాబు దొడ్డికి పోయిండా?" అంది.

"పోయిండక్కా" అన్నాను. తొడిమ సంగతి చెబితే అమ్మను నలుగురిలో తిడుతుందని భయపడ్డాను. ఆమె కాగితం మీద టిక్కు పెట్టుకుంది. మరునాడు ఇంటికొచ్చాం.

తొడిమ పెట్టకపోతే వాడు దొడ్డికి పోయేవాడు కాదు. రెండు నెలలు అలాగే గడిచాయి. "వాని కడుపు గట్టిగైతాంది, జర డాక్టరుకు సూపెడ్దాం" అని నా భార్య పోరింది. "గిదేమన్న కొత్తనా? వీని నాయినను గూడ గట్లనే పెంచిన" అంది అమ్మ. నా బొజ్జ చూసుకుని నేనూ నిజమే అనుకున్నాను. ఒక పొద్దున వాడు పచ్చగా వాంతి చేసుకున్నాడు. వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడి పిల్లల సర్జన్ ఒక పెద్దావిడ. తొడిమ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె తిట్టలేదు.

"పేగు గోడల నరాల కణాలుంటయి. మెదడు చెప్పేదాక ఆగవు, రసాయనాలు వదులుకుంట వాటిల్ల అవే మాట్లాడుకుంటయి. ఎనక పేగును ముడుచుకోమంటయి, ముందు పేగును వదులు కమ్మంటయి. గట్ల తిన్నది కిందికి జరుగుతది. మీ బాబుకు చివరి పేగుల ఆ కణాలే లెవ్వు. చెప్పేటోళ్లు లేక ఆ పేగు బిగుసుకునే ఉన్నది."

"ఎందుకు లెవ్వు?" అన్నాను.

"తల్లి కడుపుల ఉన్నప్పుడే అవి పైనుంచి కిందికి రావాలె. నడిమిట్ల ఆగిపోయినయి. ఎవరి తప్పు గాదు."

ఊరట కలగాలి. నాకు కోపమొచ్చింది. తప్పు నాదైతే కనీసం దిద్దుకునేవాణ్ని.

ఆపరేషన్ రోజు నేను కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగాను. పేగులోంచి చిన్న ముక్క తీసి కణాలున్నాయో లేదో చూస్తారట. లేకపోతే అక్కడిదాకా పేగు కోసేసి, ఇంకా పైన ముక్క తీస్తారట. మొదటి ముక్కలో లేవని నర్సు వచ్చి చెప్పింది. రెండో దాంట్లోనూ లేవంది. "ఇంకెంత దూరం కోస్తరు?" అని నా భార్య అడిగింది. "అవి కనబడేదాక" అంది నర్సు. ఊరందరికీ సలహాలు చెప్పేవాణ్ని, ఇప్పుడేం చెయ్యాలని నర్సునే అడిగాను.

మూడో ముక్కలో కనబడ్డాయి.

సర్జన్ బయటికొచ్చి, బాబు బాగానే ఉన్నాడంది. ఎంత పేగు తీశారని అడగడానికి నాకు నోరు రాలేదు. నా భార్యే అడిగింది. సర్జన్ తన మోచేతి నుంచి మణికట్టు దాకా చూపించింది. వాడు తల నుంచి కాళ్ల దాకా కొలిస్తే ఆ పొడవుకు రెండింతలే ఉంటాడు.